దేహము చెప్పు మాట, కొలత చెప్పు మాట

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



చదువుట యనగా గుర్తులను చూచి వాని అర్థమును గ్రహించుట. ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములుగా గ్రామమునకు అలవరచిన విద్య యిదియే. పుస్తకమున అక్షరములు గుర్తులు. రైతునకు మబ్బు గుర్తు. యంత్రము నడపువానికి దాని మ్రోత గుర్తు. మనుష్యుని దేహము సైతము గుర్తులను చూపుచునే యుండును. జనులు చక్కెర వ్యాధియనియు, షుగరు అనియు పిలుచు మధుమేహము గలవారు, తమ రక్తములోని చక్కెర హెచ్చినదో తగ్గినదో ఆ గుర్తులను బట్టి తెలిసికొనగలరా? తెలిసికొనగలిగినచో దానిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయము.

ఈ విషయమున గ్రామములందు రెండు తెగలవారు కనబడుదురు. "నా ఒంటి సంగతి నాకు తెలియదా? పరీక్ష యెందుకు?" అనువారు ఒక తెగ. వీరు హుషారుగా నున్న దినమున మాత్రను మానివేయుదురు. నీరసము కలిగిన దినమున మరియొకటి మ్రింగుదురు. ఆరు నెలలకొకసారి చేయించిన పరీక్ష కాగితమును మాత్రమే నమ్మి, నడుమ దేహము ఎన్ని విధముల హెచ్చరించినను చెవిని బెట్టనివారు రెండవ తెగ. ఇరువురును ప్రమాదమునకు దగ్గరగానే యున్నారు. దేహము చెప్పు మాటను, కొలత చెప్పు మాటను ప్రక్క ప్రక్కన నుంచి సరిచూచుటయే క్షేమమార్గము.

ఈ వ్యాధి ఎంత వ్యాపించినదో ముందుగా తెలిసికొనవలెను. దేశమునందలి ఆరు మహానగరములలో జరిగిన సర్వే ఫలితములు 2001లో ప్రకటింపబడినవి. ఆ ఆరింటిలో హైదరాబాదుదే మొదటి స్థానము; అచ్చట పెద్దవారిలో నూటికి 16.6 మందికి మధుమేహము కనబడినది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే, దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి కలదనియు, మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపయందు నిలిచియున్నారనియు అంచనా వేసినది.

హైదరాబాదునకు అంటియున్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున జీవనవిధానము రెండు మూడు తరములలో పూర్తిగ మారినది. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. పిమ్మట పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, జిన్నారము పరిసరములు కర్మాగారములతో నిండినవి. తాతలు జొన్నరొట్టె తిని ప్రొద్దు వ్రాలువరకు పొలమున పనిచేసిరి. మనుమలు తెల్లని బియ్యపుటన్నము తిని, ఒక వారము పగలు, ఒక వారము రాత్రి షిఫ్టులలో పని చేయుచున్నారు. భోజనవేళ, నిద్రవేళ, మందువేళ ఒక్కచోట నిలుచుట లేదు. ఇట్టి జీవనమున రక్తములోని చక్కెర హెచ్చుతగ్గులకు లోనగుట సులభము. కనుక ఆ హెచ్చుతగ్గులను పసిగట్టు నేర్పు ఈ ప్రాంతమువారికి మిక్కిలి అవసరము.

ప్రాచీన భారత వైద్యులు రోగి మూత్రమునందలి తీపిని గుర్తించి ఈ వ్యాధికి మధుమేహమని పేరిడిరి. 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఆ తీపి చక్కెరయే యని నిరూపించెను. 1921లో కెనడా దేశమునందలి టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వేరుచేయగా, 1922 జనవరిలో అది మొదటిసారి రోగికి ఇయ్యబడినది. అయినను చిరకాలము రోగికి ఇంట లభించిన పరీక్ష మూత్రపరీక్ష మాత్రమే. బెనెడిక్టు ద్రావణములో మూత్రము వేసి కాచినపుడు నీలిరంగు నిలిచినచో చక్కెర లేదనియు, ఆకుపచ్చ, పసుపు, ఇటుకరంగులకు తిరిగినకొలది చక్కెర హెచ్చుగ నున్నదనియు చెప్పుచుండిరి. రక్తములో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటినపుడే మూత్రములోనికి దిగును. కనుక ఆ పరీక్ష హెచ్చును చూపగలదు గాని తగ్గుదలను చూపజాలదు. వ్రేలికొన నుండి రక్తపుబొట్టు తీసి కొలుచు గ్లూకోమీటరు ఇండ్లకు చేరిన పిమ్మటనే, దేహపు గుర్తును కొలతతో సరిచూచు అవకాశము రోగికి చిక్కినది.

ఇక దేహము చూపు గుర్తుల సంగతి. ఇచ్చట చెప్పబడు అంకెలన్నియు ఒక డెసిలీటరు రక్తమునకు మిల్లీగ్రాముల లెక్క. మెదడు బరువు దేహపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను అది దేహము ఖర్చుచేయు శక్తిలో ఇంచుమించు అయిదవ వంతును తానే వాడుకొనును. ఆ శక్తి ముఖ్యముగా చక్కెర వలననే లభించును. కనుక రక్తములో చక్కెర 70కి దిగజారునప్పటికి దేహము మేల్కొనును. ఎడ్రినలిన్ మొదలగు రసములు రక్తములో కలిసి, కాలేయమున దాచియున్న చక్కెరను వెలికి తెచ్చుటకు యత్నించును. ఆ ప్రయత్నపు సవ్వడియే చేతులు వణకుట, చెమటలు పట్టుట, గుండెదడ, గాబరా, అకస్మాత్తుగా ఆకలి. ఇవి మొదటి తరగతి గుర్తులు. చక్కెర ఇంకను దిగి, 54 కంటె తక్కువైనచో ప్రమాదము తీవ్రమైనదని వైద్యులు భావింతురు. అప్పుడు మెదడే పస్తుండుటచే మాట తడబడుట, చూపు మసకబారుట, కారణము లేని కోపము, లెక్క తప్పుట, మగత మొదలైన రెండవ తరగతి గుర్తులు కనబడును. ఆ మీద స్పృహ తప్పుటయు, మూర్ఛ వచ్చుటయు కలదు.

రెండవ తరగతి గుర్తులు మొదలైన పిమ్మట రోగి తన స్థితిని తాను గ్రహించుట కష్టము, ఏలనన గ్రహించవలసిన మెదడే బలహీనపడియుండును. కనుక మొదటి తరగతి గుర్తులను గుర్తుపట్టుటయే నేర్వవలసిన విద్య.

చక్కెర హెచ్చినపుడో, దేహము అంత త్వరగా పలుకదు. దాహము, మాటిమాటికి మూత్రము, బడలిక, మసకచూపు అను గుర్తులు కలవు గాని అవి మెల్లగా వచ్చును. అనేకులకు 200 దాటినను ఏ గుర్తును తెలియదు. మరియొక చిక్కు కలదు. బహుకాలము చక్కెర మిక్కిలి హెచ్చుగ నున్నవారికి అది మంచి స్థితికి దిగుచుండగనే వణకు, నీరసము కలుగవచ్చును. వారు "చక్కెర పడిపోయినది" అని తలచి మిఠాయి తిందురు. నిజమునకు అది పడిపోలేదు. కనుక "నాకు బాగుగనే యున్నది" అను భావన చక్కెర సరిగా నున్నదనుటకు సాక్ష్యము కానేరదు.

కర్మాగారపు పనివారికి ఈ గుర్తులు మరింత మోసము చేయును. కొలిమి చెంత నిలుచువానికి చెమట పట్టుట సహజము. అది ఎండవేడి చెమటయో, చక్కెర తగ్గిన చెమటయో యెట్లు తెలియును? రాత్రి మూడు గంటలకు మగత కమ్ముట ఎవరికైనను కలదు. బరువు మోసినపుడు గుండె కొట్టుకొనుట వింత కాదు. రక్తపుపోటునకై కొందరు వాడు బీటా బ్లాకరు జాతి మాత్రలు వణకును, గుండెదడను అణచివేయును; చెమట మాత్రము మిగులును. కల్లు, సారాయి పుచ్చుకొన్నచో కాలేయము చక్కెరను విడుదల చేయు శక్తి తగ్గును. అంతేగాక చక్కెర తగ్గి తూలువానిని చూచినవారు త్రాగుబోతనుకొని ప్రక్కకు తొలగుదురు. ఒక గుర్తుకు ఇన్ని అర్థములున్నపుడు, ఎవరి గుర్తులను వారు పరీక్షించి తెలిసికొనుట తప్ప వేరు దారి లేదు.

ఈ పనిని శాస్త్రీయముగా ఆరంభించినవారు అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమువారు. 1980 దశాబ్దమున డేనియల్ కాక్స్, లిండా గాండర్-ఫ్రెడరిక్, విలియం క్లార్క్ మొదలగువారు ఇన్సులిన్ పుచ్చుకొను రోగులకై ఒక శిక్షణను రూపొందించిరి. రక్తములోని చక్కెరను గ్రహించు శిక్షణయని దాని పేరునకు అర్థము. దానియందు రోగి ప్రతి పరీక్షకు ముందు ఒక నిమిషమాగి, తన దేహమును గమనించి, కనబడిన గుర్తులను వ్రాసి, చక్కెర యెంత యుండునో ఊహించి, ఆ పిమ్మటనే కొలిచి, ఊహను కొలతతో పోల్చవలెను. ఈ పరిశోధనలవలన ముఖ్యమైన సంగతులు తేలినవి. గుర్తులు అందరికి ఒకటి కావు. ఒకరికి వణకు నమ్మదగినది, మరియొకరికి పెదవుల తిమ్మిరి. తమ గుర్తులని రోగులు నమ్మియున్నవి తరచు తప్పు. వారు లెక్కచేయని చిన్న మార్పులే కొన్నిసార్లు నిజమైన గుర్తులు. సాధనచే ఊహ మెరుగగును. శిక్షణ పొందినవారిని కొన్ని సంవత్సరముల పిమ్మట పరిశీలింపగా, పొందనివారికంటె వారికి మోటారు ప్రమాదములు తక్కువగా జరిగినట్లు 1994లో ప్రకటించిరి. ముంబాయి జాతీయ రహదారి నడుమగా పోవు పటాన్‌చెరు, సంగారెడ్డి వంటి ఊళ్లలో, లారీలు, ఆటోలు నడుపువారు ఇందరు గలచోట, ఈ సంగతి మరువదగినది కాదు.

ఈ విద్యకు కావలసిన సామగ్రి ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఒక గ్లూకోమీటరు. పుటను అయిదు గడులుగ విభజింపవలెను. మొదటి గడిలో తేదీ, వేళ. రెండవదానిలో అంతకుముందు తిన్న తిండి, పుచ్చుకొన్న మందు, చేసిన పని. మూడవదానిలో దేహపు గుర్తులు. నాలుగవదానిలో ఊహ. అయిదవదానిలో కొలత. గుర్తులను వైద్యుని భాషలో వ్రాయ నక్కరలేదు. "కండ్లు తిరిగినవి," "కాళ్లలో సత్తువ లేదు," "మనసు గాబరా" అని ఇంటి మాటలలో వ్రాయుటయే మేలు. ఊహకు అంకె తోచనిచో తక్కువ, సమము, ఎక్కువ అను మూడింటిలో ఒకటి వ్రాసిన చాలును. ఉదాహరణకు ఒక పంక్తి ఇట్లుండవచ్చును: రాత్రి 3 గంటలు, 9 గంటలకు అన్నము, మాత్ర, పిమ్మట బరువులు మోసిన పని, అరచేతులు చల్లబడినవి, పెట్టెల లెక్క రెండుసార్లు తప్పినది, ఊహ తక్కువ, కొలత 62. అట్టి అంకె వచ్చినచో ముందుగా చక్కెర తీసికొనవలెను. వ్రాత తరువాతి పని.

గ్లూకోమీటరు పట్టీలకు ఖర్చగును. ప్రతిదినము పలుమార్లు కొలుచుట అందరికి సాధ్యము కాదు. అట్టివారు వైద్యునితో ఆలోచించి, షిఫ్టు మారిన వారమున, అలవాటు లేని శ్రమ చేసినపుడు, అనుమానము కలిగినపుడు కొలుచుకొనవచ్చును. ముప్పది పంక్తులు నిండిన పిమ్మట పుస్తకమును తిరిగి చదువవలెను. కొలత 70 కంటె తక్కువగా నున్న దినములలో తప్పక కనబడిన గుర్తు ఏది? అన్ని దినములలోను కనబడు గుర్తు ఏది? మొదటిది నమ్మదగిన గుర్తు. రెండవది ఉబుసుపోక మాట. ఊహ తప్పినచోట్లను ఎర్ర గీతతో గుర్తింపవలెను. తప్పులలో రెండు ముఖ్యముగా ప్రమాదకరములు: చక్కెర తగ్గియుండగా బాగున్నదని తలచుట, హెచ్చియుండగా తగ్గినదని తలచి తీపి తినుట.

లోపలి గుర్తులతోపాటు వెలుపలి గుర్తులను సైతము చదువవలెనని ఆ శిక్షణ బోధించును. మందు ఏ వేళకు బలముగా పనిచేయును, భోజనము ఎంత ఆలస్యమైనది, పని ఎంత శ్రమతో కూడినది అను మూడింటిని తూచినవాడు గుర్తులు కనబడక మునుపే జాగ్రత్తపడగలడు. గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ చక్కెరను మరీ తగ్గించు అవకాశము గలవి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి ఆ భయము అరుదు. కనుక తాను మ్రింగు మాత్ర ఏ జాతిదో ప్రతివాడు తెలిసికొనవలెను. ఉపవాసదినములలో మందు ఎట్లు వాడవలెనో ముందుగనే వైద్యుని అడుగవలెను.

తిండి విషయమున పటాన్‌చెరులోనే గొప్ప పరిశోధనాలయము కలదు. 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, ఇక్రిశాట్, జొన్న, సజ్జ వంటి పంటలపై కృషిచేయుచున్నది. 2021లో ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ఇతరులతో కలిసి పలుదేశముల పరిశోధనలను సమీక్షించి, చిరుధాన్యములను నిత్యాహారముగా తిన్న మధుమేహ రోగులకు రక్తములో చక్కెర, పరగడుపున, భోజనానంతరమున, సగటున నూటికి 12 నుండి 15 పాళ్లు తగ్గినట్లు ప్రకటించిరి. తాతల నాటి రొట్టెకు ఇది నేటి సాక్ష్యము. అయితే రొట్టె మందునకు బదులు కాదు. ఎన్ని రొట్టెలైనను తినవచ్చుననుటయు కాదు. తన పళ్లెములోని అన్నము, రొట్టె తన రక్తమున ఎట్టి మార్పు తెచ్చునో అదే నోటుపుస్తకము చూపగలదు.

ఇక మిక్కిలి శ్రద్ధతో వినదగిన సంగతి. 1993లో అమెరికాలో 1,441 మంది ఇన్సులిన్ రోగులపై జరిగిన గొప్ప పరిశోధన ఫలితములు వెలువడినవి. చక్కెరను గట్టిగా అదుపులో నుంచినచో కండ్లకు, మూత్రపిండములకు, నరములకు కలుగు హాని బహుగా తగ్గునని తేలినది. కాని అట్లు అదుపుచేసినవారిలో చక్కెర తీవ్రముగా పడిపోవుట మూడింతలైనది. పలుమార్లు చక్కెర పడిపోయిన దేహము ఆ స్థితికి అలవాటుపడి, హెచ్చరిక గుర్తులను చూపుట మానివేయును. ఇన్సులిన్‌పై జీవించు మొదటి రకపు మధుమేహము గలవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఇట్టి మొద్దుతనము కలుగును. అట్టివారు హఠాత్తుగా కూలిపోవుదురు.

అయితే ఇది తిరిగిరాని నష్టము కాదు. 1993, 1994 సంవత్సరములలో ఇటలీ, బ్రిటన్, అమెరికా దేశముల వైద్యులు వేరువేరుగా ఇట్టి రోగులను పరిశీలించిరి. కొన్ని వారములు, కొన్ని నెలలు చక్కెర ఒక్కసారియు పడిపోకుండ జాగ్రత్తగా కాపాడగా, పోయిన గుర్తులు చాలవరకు తిరిగి వచ్చినవి. కావున "నాకు ఏ గుర్తును తెలియుట లేదు" అనువారు నిరాశ చెందక, వెంటనే వైద్యుని కలిసి మందు మోతాదును సరిచేయించుకొనవలెను.

చక్కెర తగ్గినదని తోచినపుడు చేయవలసినది సులభము. యంత్రము వద్దనున్నచో దాని నుండి తొలగవలెను. వాహనము నడుపుచున్నచో ప్రక్కకు నిలుపవలెను. మీటరు చేత నున్నచో కొలువవలెను. లేనిచో తగ్గినదనియే భావింపవలెను. 15 గ్రాముల గ్లూకోసు, లేక మూడు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములు కూర్చుండవలెను. తగ్గుదల తీరనిచో మరల అట్లే చేయవలెను. తీరిన పిమ్మట రొట్టెయో, అన్నమో తినవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగును. ఒక ప్రక్కకు పరుండబెట్టి 108 వాహనమును పిలువవలెను.

ఈ విద్య రోగికి మాత్రమే కాదు. మాట తడబడుటను, కారణము లేని కోపమును ముందుగా చూచునది ఇంటి ఇల్లాలు, లేక ప్రక్కనే పనిచేయు తోడివాడు. "ఏమయ్యా, ముఖము పాలిపోయినది, కొంచెము చక్కెర నీళ్లు త్రాగరాదా?" అను ఒక్క మాట ప్రాణము నిలుపగలదు. అయితే ఆ మాట అనుటకు ఆ వ్యాధి యున్నదని తోడివానికి తెలియవలెను. పని పోవునేమో యను భయముచే పలువురు వ్యాధిని దాచుదురు. దాచిన వ్యాధి రాత్రి షిఫ్టులో యంత్రము ప్రక్కన బయటపడినచో పోవునది పని మాత్రమే కాదు. మధుమేహము సిగ్గుపడదగిన దోషము కాదు. దానిని చెప్పుకొన్నవానిని చులకన చేయకుండుట తోడివారి ధర్మము. భోజనవేళను, మందువేళను కాపాడనిచ్చుట పని చేయించువారి ధర్మము.

దేహము మౌనము వహించు చోటు మరియొకటి కలదు. బహుకాలము హెచ్చు చక్కెర వలన పాదములందలి నరములు దెబ్బతినగా, ముల్లు గ్రుచ్చుకొన్నను, ఇనుపరజను కోసినను తెలియదు. అచ్చట స్పర్శను నమ్మక, ప్రతిరాత్రి పాదములను కండ్లతో చూచుకొనవలెను.

గ్రంథాలయము ఈ విషయమున చేయదగిన సాయము కలదు. అక్షరము రానివారి నోటుపుస్తకమును వచ్చినవారు వ్రాసిపెట్టవచ్చును. నెలకొక సాయంకాలము మధుమేహము గలవారు ఇచ్చట కూడి, తమ పుటలను ఒకరికొకరు చూపుకొని, ఆశా కార్యకర్తను గాని, పల్లె దవాఖాన వైద్యుని గాని పిలిచి సందేహములు తీర్చుకొనవచ్చును. ముప్పది ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు చేయు మధుమేహ పరీక్షకు, ఏ గుర్తును లేనివారిని సైతము పంపవచ్చును.

దేహపు గుర్తు కొలతకు బదులు కాజాలదు. కొలత సైతము గుర్తునకు బదులు కాజాలదు. మీటరు చేతిలో లేని వేళ, బస్సులోనో, పొలములోనో, నడిరాత్రి యంత్రము చెంతనో, రోగిని మొదట హెచ్చరింపవలసినది అతని దేహమే. ఆ హెచ్చరికలో ఏది నిజమో, ఏది బూటకమో ముందుగనే కొలతతో సరిచూచి యుంచుకొన్నవానికే అది ఆ వేళ అక్కరకు వచ్చును. రాబోవు సంవత్సరములలో ఈ గ్రంథాలయపు బల్లపై వార్తాపత్రికల ప్రక్కన అయిదు గడుల నోటుపుస్తకములు కొన్ని కనబడునుగాక. అందలి ప్రతి పంక్తి ఒక కుటుంబమునకు రక్షయగుగాక.